పటికబెల్లం సీసా

మా కొట్లో ఏ సీసా మీదా పేరు ఉండేది కాదు. నరసన్నపేట బజారులో మాది పచారీ కొట్టు. సరుకు రాగానే సంచీ విప్పి సీసాల్లోకో డబ్బాల్లోకో పోసేయడం తాతగారి కాలం నుంచీ అలవాటు. పేర్లు రాసి అతికించమని ఎవరైనా అంటే నాన్న నవ్వేవారు. "సరుకు తెలీనోడికి పేరు సీటీ కావాల. ముక్కుండగా మనకెందుకు?" అనేవారు. ఇంట్లోనూ అదే పద్ధతి.

డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షలకు చదువుకుంటూ కొట్టు వెనక గదిలో ఉండేదాన్ని. ఎవరైనా వస్తే బయటికి వచ్చేదాన్ని కాదు. పొట్లాలు కట్టే పాత కాగితాలు మాత్రం ముందు నా దగ్గరికి వచ్చి, తర్వాతే కొట్లోకి వెళ్లేవి. అచ్చయినది ఏదైనా నేను చదవాల్సిందే. కొత్త మాట కనిపిస్తే డైరీలో రాసుకునేదాన్ని.

నాన్నకు గుండెలో స్టెంట్ వేశారు. అప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నారు. కొన్నాళ్లకు మతిమరుపు మొదలైంది. ఒకరోజు ఎప్పుడూ వచ్చే ఆవిడ పొట్లం విప్పి చూసుకుని మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఏటి సావుకారూ, దనియాలడిగితే జీలకర్ర కట్టీసినావు! మనసెక్కడున్నాదేటి?"

కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాన్న కూడా నవ్వారు. కానీ ఆ పూట కంచంలో అన్నం సగం వదిలేశారు. నేను వెనక గదిలోంచి అంతా విన్నాను. డైరీలో ఇలా రాసుకున్నాను: "నాన్న ధనియాలకి జీలకర్ర కట్టారు. నాకు తెలియనట్టే ఉన్నాను."

ఆ వారమే విజయనగరం నుంచి మా మేనత్త వచ్చింది. ఏదో మీటింగుకు వెళ్లి, అక్కడ కొన్న క్యాప్సూల్స్ డబ్బా తెచ్చింది.

"అన్నియ్యా, రోజుకి రెండు ఏసుకో. మెదడుకి రగతం బాగా అందుతాది. బుర్ర తేటగా ఉంటాది. మా వీధిలో అందరూ ఏసుకుంటన్నారు."

"డాక్టరుకి సెప్పాలేమో?"

"ఆకు సారానికి డాక్టరేటి? ఇది మందు కాదు అన్నియ్యా. నువ్వు పుదీనా తినీముందు డాక్టర్నడుగుతావేటి?"

నాన్నకు ఆ మాట నచ్చింది. అమ్మ క్యాప్సూల్స్‌ని ఖాళీగా ఉన్న పటికబెల్లం సీసాలో పోసింది. డబ్బాను ఆవాలకు పనికొస్తుందని నీళ్లలో నానబెట్టింది. డబ్బా మీది కాగితం ఊడిపోకముందే తీసి చదివాను. గింకో అనే ఆకు పేరు నాకు కొత్త. దాన్ని రాసుకున్నాను. కింద చిన్న అక్షరాల్లో, రక్తం పలచబడే మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగాలని ఉంది. అదీ రాసుకున్నాను. నాన్న వేసుకునే మాత్ర అలాంటిదే కదా అని అప్పుడే కొంచెం తట్టింది. కానీ మేనత్త మాట్లాడుతుంటే మధ్యలో నా మాట దూరే సందుండదు. ఆవిడ వెళ్లిపోయాక నాన్న ఎంతో హుషారుగా ఉన్నారు. అప్పుడూ చెప్పలేదు.

మూడు నెలలు గడిచాయి. పళ్లు తోముకుంటుంటే నాన్నకు చిగుళ్లలోంచి రక్తం వచ్చేది. కొత్త బ్రష్షు గరుకుగా ఉందనేవారు. ముంజేతుల మీద నీలం మచ్చలు కనిపిస్తే, మూటలు ఎత్తుతుంటే తగిలాయనేవారు. ఒక ఉదయం బెల్లం దిమ్మ కొడుతుంటే కత్తి జారి వేలు తెగింది. చిన్న గాటే. పసుపు అద్ది గుడ్డ కట్టాం. గుడ్డ తడిసిపోయింది. ఇంకోటి కడితే అదీ తడిసింది. అమ్మ భయపడిపోయి వెంటనే శ్రీకాకుళం డాక్టరు దగ్గరికి వెళ్లమంది. కొట్లో తను కూర్చుంది. నేను ఫైలు పట్టుకుని నాన్నతో బయల్దేరాను. నా డైరీ ఎప్పటిలాగే సంచీలో ఉంది.

డాక్టరు వేలికి గట్టిగా కట్టు కట్టించి, మచ్చలు చూశారు. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?"

"ఏటీ లేవండి. మీరిచ్చినవే."

"ఆయుర్వేదం, హోమియో?"

"లేవండీ."

నాన్న అబద్ధం చెప్పడం లేదు. ఆయన లెక్కలో అది ఆకు. డైరీ తీసి, ఆ పేజీ తెరిచి, బల్ల మీద డాక్టరు ముందు పెట్టాను. ఎదురు పేజీలో ధనియాల సంగతి ఉందని పెట్టాకే గుర్తొచ్చింది. డాక్టరు రెండు పేజీలూ చదివారు.

"ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారు?"

"మూడు నెలలు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఆకు అయినా రక్తాన్ని పలచన చేసే గుణం ఉండొచ్చు. మీరు ముందే అలాంటి మాత్ర మీద ఉన్నారు. రెండూ కలిస్తే రక్తం ఇలా ఆగకపోవచ్చు. ఆ క్యాప్సూల్స్ ఇవాళే ఆపేయండి. స్టెంటు మాత్ర మాత్రం మానకండి." తర్వాత నాన్న వైపు తిరిగి, "సరుకు తారుమారవుతోందా?" అని అడిగారు.

నాన్న నా వైపు చూశారు. నేను ఫైలు వైపు చూశాను.

"మరి అవి ఆపీస్తే బుర్ర సంగతేటండీ?" అన్నారు చాలా చిన్నగా. ఆయన భయమంతా వేలు గురించి కాదని అప్పుడు అర్థమైంది. ఆ క్యాప్సూల్స్ జ్ఞాపకశక్తి పెంచుతాయనడానికి గట్టి రుజువు లేదని డాక్టరు చెప్పారు. మాంసం, చేపలు తింటారా అని అడిగారు. మేం ముట్టం అన్నారు నాన్న. అయితే బి12 విటమిన్ తక్కువైనా మరుపు రావచ్చు, అదీ చూద్దామని పరీక్షకు రాశారు.

తిరుగు బస్సు ఎక్కాం. సగం దారిలో నాన్న అడిగారు.

"ఒసే, నా గురించి ఇంకేటేటి రాసినావు? సదువు."

బస్సు చప్పుడులో ఆయనకు మాత్రమే వినిపించేలా చదివాను. నాలుగు సంగతులున్నాయి. మూడోది, వాముకి బదులు మెంతులు కట్టిన సంగతి దగ్గర ఆపారు.

"అది నా తప్పు కాదు. మెంతులని ఆడే అడిగినాడు."

"లేదు నాన్నా. వాము అడిగాడు. నేను విన్నాను."

కిటికీలోంచి బయటికి చూస్తూ, "వాసన తెలీడం లేదే ఈ మజ్జిన," అన్నారు.

బి12 తక్కువగా ఉందని వచ్చింది. దానికి మందు ఇచ్చారు. రక్తం కారడం తగ్గింది. మతిమరుపు కొంత నయం, కొంత అలాగే ఉంది. మేనత్తకు నాన్నే ఫోన్ చేసి చెప్పారు. ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు.

ఒక మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు నాన్న నన్ను పిలిచారు. బల్ల మీద కత్తిరించిన అట్టముక్కలు, జిగురు ఉన్నాయి. "పెద్దగా రాయి," అన్నారు. ఒక్కో సీసా నా ముందు పెడుతూ, పేరు చెప్పి, నేను రాసింది సరిగా ఉందో లేదో చూశారు. రెండు పేర్లు నేను అందించాను. ఆయన తలూపారు. మధ్యలో ఎవరో వచ్చి పావుకిలో శనగపప్పు అడిగితే నేనే లేచి తూచి ఇచ్చాను.

ఇంగువ డబ్బా దగ్గరికి వచ్చేసరికి నాన్న మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉన్నారు.

"దీనికొద్దు," అని దాన్ని పక్కకు జరిపారు.