లాకుకు పెట్టిన బొట్టు

పోయిన బుధవారం కడపలో నేను చేసిన ఘనకార్యం చెప్తా, టీ తాగుతా ఇనండప్పా. నవ్వుతారని తెలుసు. నవ్వండి, నాకైతే నవ్వే ఓపిక గూడా ల్యాదు.

మా సంగతి తెలిసిందే గదా. అంగళ్లలో బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్ అమ్మేది మా పని. కర్నూలు, కడప రెండు జిల్లాలకూ మేం ముగ్గురమే. మొదట్లో బాగనే నడిచె. ఆ ఇంకో కంపెనీ వాళ్లు దిగినప్పటి నుంచి మా బతుకు బస్టాండే! మేం సీడీ ఇస్తే వాళ్లు సీడీతో పాటు యూపీఎస్ ఇస్తారు. మేం రేటు తగ్గిస్తే వాళ్లు నెల దినాలు ఊరికే వాడుకోమంటారు. ఆత్మకూరులో ఎరువుల అంగడాయన నాకు మూడుసార్లు టీ తాపిచ్చె. "ఆలోచిస్తాండాం అప్పా" అనె. నాలుగోసారి పోతే ఆయప్ప టేబుల్ మీద వాళ్ల సాఫ్ట్‌వేర్! ఆ పొద్దు టీ గూడా ల్యాదు. మంగంపేటలో ఐతే లారీ ఆఫీసాయన నా మొగం జూసి, "మీ తమ్ముడు ప్రవీణ్ ఇప్పుడే పాయ" అనె. ప్రవీణ్ అంటే ఆ కంపెనీ సేల్స్‌మ్యాన్. నాకు తమ్ముడంట!

ఆ బుధవారానికి వారం ముందు మా మేనేజరు సుధాకర్ సారు మమ్మల్ని కూచోబెట్టి చెప్పె. "ఈ నెల ఒక్క ఆర్డరన్నా రాకుంటే ఆఫీసుకు తాళమేస్తారంట. చేతిలో ఉండేది రంగయ్యశెట్టి ఒక్కడే. ఆయన గూడా పోతే ముగ్గురం ఇండ్లకు పోవల్ల."

రంగయ్యశెట్టిది కడపలో మందుల హోల్‌సేల్ అంగడి. ఆర్నెల్లు ఆయన సుట్టూ తిరిగి నా చెప్పులరిగిపాయ. ఆఖరికి ఒప్పుకొనె, కానీ ఒక షరతు పెట్టె. "బుధవారం పదకొండున్నర నుంచి పన్నెండు దాకా ముహూర్తం. మిషనుకు పూజ చేసి, ఆ టయానికి మొదటి బిల్లు బయటికి రావల్ల. పన్నెండు దాటితే రాహుకాలం." అట్లే కానీండి అంటి.

తెల్లారుజామున కర్నూల్లో బస్సెక్కి, ఒళ్లు హూనం చేసుకుని కడప చేరినా. పదకొండుకంతా సాఫ్ట్‌వేర్ ఎక్కిచ్చి చూస్తే బ్రమ్మాండంగా నడిచె. మా దానికి ఒక లాకు ఉంటాది. వేలెడంత డబ్బీ. కంప్యూటరు వెనక, ప్రింటరు వైరు తగిలిచ్చే కాడ దాన్ని పెట్టల్ల. అది ల్యాకుంటే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు.

శెట్టి భార్య లక్ష్మమ్మ తట్టలో పసుపు, కుంకుమ, పూలు తెచ్చె. "నీ చేత్తోనే బొట్లు పెట్టు నాయనా" అనె. నాకు యాడలేని ఉషారొచ్చె! మానిటరుకు పెట్టినా, సీపీయూకు పెట్టినా, ప్రింటరుకు పెట్టినా. శెట్టి నా భక్తి చూసి తలకాయ ఊపుతాండాడు. అంతటితో గమ్మునుండచ్చు గదా! "అసలు దేవుడు దీంట్లో ఉండాడు శెట్టిగారూ" అని ఆ లాకు పీకి పీట మీద పెట్టినా. పసుపు నీళ్లలో కలిపి, రెండు పక్కలా బాగా మెత్తి, పైన కుంకుమ అద్దినా. ఆ ప్రవీణ్‌గానికి ఇంత భక్తి ఉంటాదా అనుకుంటి.

టెంకాయ కొట్టిరి, హారతిచ్చిరి. పదకొండూ నలభై. లాకు తగిలిచ్చి సాఫ్ట్‌వేర్ తెరుస్తి.

లాకు కనపడలేదని ఇంగ్లీషులో వచ్చె.

పీకి చూస్తే బొక్కల నిండా పసుపు! ఊదితి. కర్చీపుతో తుడిస్తి. లక్ష్మమ్మ చీపురుపుల్ల తెచ్చిచ్చె, దాంతో గెలికితే పుల్ల లోపలే విరిగె. సారుకు ఫోన్ చేస్తే, "ఇంకో లాకు బస్సుకు పంపిస్తా, సాయంత్రానికి వస్తాది" అనె. సాయంత్రమా! శెట్టి గోడ గడియారం చూస్తాండాడు. "పది నిమిషాలుండాయి అప్పా. బిల్లు రాకుంటే అపశకునం. ఇంక ఈ కంప్యూటరు మాటే వద్దు" అనె.

ముగ్గురి ఉద్యోగాలు గదప్పా! అప్పుడు గుర్తొచ్చె, నా బ్యాగులో ప్రవీణ్ వాళ్ల సీడీ ఉండాది. దాంట్లో తప్పులు వెతకమని సారే యాడనో సంపాదిచ్చి ఇచ్చినాడు. దానికి లాకు ల్యాదు, గీకు ల్యాదు. ఇప్పటికి గండం గడవనీ, సాయంత్రం మాది పెడ్తామనుకుంటి. ఏసినా! బిన్నా, ఐదు నిమిషాలకే ఎక్కె. పన్నెండుకు రెండు నిమిషాలుండంగ ప్రింటరు కర్రుమని మొదటి బిల్లు కొట్టె. శెట్టి దాన్ని కండ్లకద్దుకొనె. లక్ష్మమ్మ నాకు తాంబూలమిచ్చె.

అప్పుడు ఉన్న సంగతి చెప్పి, "ఇది వేరే వాళ్లది శెట్టిగారూ, సాయంత్రం మారుస్తా" అంటి.

"మార్చేదా!" అని శెట్టి లేచి నిలబడె. "ముహూర్తంలో కూచున్నదాన్ని లేపుతారా యాడన్నా? ఎవురిదైతే ఏమప్పా, దాన్నే ఉండనీ."

శానా బతిమాలినా. ఇనల్యా.

సారుకు ఫోన్‌లో చెప్తే, "ఆ ప్రవీణ్‌నే అడుగు, వాళ్ల కాడ ముగ్గురికి ఉద్యోగాలుండాయేమో" అని పెట్టేసె.

నిన్న శెట్టి ఫోన్ చేసె. మనసు మార్చుకున్యాడేమోనని ఆశతో ఎత్తితి.

"నీ చెయ్యి శానా మంచిదప్పా! ఆ పొద్దు నుంచి యాపారం ఊపందుకునె. ప్రొద్దుటూర్లో మా బామ్మర్ది అంగట్లో గూడా అదే సాఫ్ట్‌వేర్ కొనిచ్చినా. ప్రవీణ్ వచ్చి పెడ్తా అన్యాడు, మేమే వద్దంటిమి. నీ చేత్తోనే మొదలుపెట్టల్ల. శుక్రవారం వచ్చేయ్!"

పెద్దమనిషి మాట, కాదనల్యాకపోయినా. పొద్దున్నుంచి శుక్రవారానికి లీవు లెటరు రాస్తాండా. సారుకు కారణం ఏమని రాయల్లో మీరన్నా చెప్పండప్పా!