ఎక్కడికని అడగని అత్తయ్య

నలభై నాలుగేళ్లు వచ్చాక నేను శ్రద్ధగా నేర్చుకున్న విద్య తలకిందులవడం. సముద్రంలో నడిపే కయాక్ పడవ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. నడుము దాకా అందులో దూరి, నీళ్లు లోపలికి రాకుండా ఒంటి చుట్టూ ఒక గుడ్డ బిగించుకోవాలి. అది బోల్తా పడితే తల నీళ్లలో, కాళ్లు పైన. కంగారు పడకుండా ముందుకి వంగి, ఆ గుడ్డకున్న పట్టీ లాగి, బయటికి జారి రావాలి. మొదటిసారి ముక్కు నిండా ఉప్పునీళ్లతో పైకి తేలి పెద్ద కేక పెట్టాను. భయంతో కాదు, "మళ్లీ!" అని.

తెడ్డు చేతులతో కాదు, నడుము తిప్పి వెయ్యాలట. నేను వింటేగా! మొదటి వారం చేతులతోనే లాగి లాగి, అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేకపోయాను. పక్కవాళ్ల పడవ తిరగబడితే దాని ముక్కు నా ఒళ్లోకి లాక్కుని, నీళ్లు ఒంపేసి, మనిషిని మళ్లీ ఎక్కించడం కూడా వచ్చేసింది. ఇక వారమంతా ఆఫీసులో కూర్చున్నా నా మనసు ఆదివారం మీదే.

మాకు నేర్పే ఆవిడ అరవై దాటిన ఆస్ట్రేలియన్. మాట తక్కువ, కసురు ఎక్కువ. తెడ్డుకన్నా ముందు ప్లాన్ రావాలనేది ఆవిడ పట్టు. ఈ సిడ్నీ వేసవిలో పొద్దున సముద్రం గిన్నెలో పాలలా ఉంటుంది, మధ్యాహ్నం ఈశాన్యపు గాలి లేచిందంటే పొంగే. అందుకని గాలీ, పోటూ చూసుకుని పొద్దున్నే వెళ్లి వచ్చెయ్యాలి. పన్నెండు అంటే పన్నెండే. మన ఫంక్షన్లకి పదకొండని కార్డు వేస్తే ఒంటిగంటకి చేరే నాకు ఇదే అన్నిటికన్నా కష్టమైంది.

ఆరో ఆదివారం అఖాతం దాటి అవతలి ఇసుకతీరానికి వెళ్లి రావాలి. దానికో షరతు పెట్టింది. ఎక్కడికి, ఏ రంగు పడవలో, ఎన్నింటికి తిరిగి వస్తాం, రాకపోతే ఏం చెయ్యాలి, అన్నీ ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వాలి. బయల్దేరే ముందు ఆవిడే వాళ్లకి ఫోన్ చేసి అడుగుతుంది. జవాబు చెప్పలేకపోతే ఆ రోజు మనం ఒడ్డునే.

మా ఆయనది ఫోను లాకర్లో పెట్టి లోపలికి వెళ్లే ఉద్యోగం, ఆ ఆదివారం డ్యూటీ. సిడ్నీ శివారు టూంగాబీలో మా ఇంట్లో ఇక మిగిలింది మా అత్తయ్య. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఇంగ్లీషుకి లోటు లేదు. చిక్కల్లా వేరే. బయటికి వెళ్లేవాళ్లని ఎక్కడికని అడగకూడదు, వెనక నుంచి పిలవకూడదు, వెళ్లే పని చెడుతుంది. ఆవిడ పట్టింపు అది. నా పెళ్లయిన ఇరవయ్యేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

కాగితం ఫ్రిజ్ మీద అంటించాను. శనివారం చూస్తే కింది వరస లేదు. సరిగ్గా "తిరిగి రాకపోతే" అన్న వరసే, నీటుగా చింపేసి ఉంది.

"అత్తయ్యా, ఇదేంటి?"

"శుభమా అని వెళ్తూ ఆ మాటలేంటమ్మాయ్? కళ్లెదురుగా అంటించుకుని రోజూ చదువుకోవాలా?"

"అది తెలీకపోతే నన్ను వెళ్లనివ్వరండీ!"

"మంచిదేగా," అని చపాతీ పిండి కలపడానికి పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రాత్రి ఆవిడతో మాట్లాడలేదు.

పొద్దున ఒడ్డున, మా టీచరు స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది. నేను నోరెత్తకూడదు. పడవ రంగు అడిగింది.

"యెల్లో. వెరీ గుడ్ కలర్," అంది అత్తయ్య. పసుపు కదా మరి.

ఎన్నింటికి తిరిగి వస్తారంటే, "ట్వెల్వ్" అంది. చివరి ప్రశ్న వచ్చింది. పన్నెండున్నరకీ రాలేదనుకోండి, ఏం చేస్తారు?

ఆవిడ చింపేసిన వరస అదే. అయిపోయింది అనుకున్నాను. అందరి పడవలూ నీటి అంచున ఉన్నాయి, నాది మాత్రం ఇసుకలో ఉండిపోతుంది. ఇంతలో గొంతు సవరించుకున్న చప్పుడు.

"జీరో జీరో జీరో ఐ కాల్. యెల్లో బోట్, వన్ డాటర్-ఇన్-లా. సెండ్ ఫాస్ట్."

ఇక్కడ ఆపదలో పిలిచే నంబరు అదే. టీచరు నా భుజం తట్టి "పద" అంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సముద్రం మీద నెపం వేద్దామంటే ఇంకా ఒడ్డునే ఉన్నాను.

ఆ రోజు! నడుము తిప్పి తెడ్డు వేస్తుంటే పడవ దానంతటదే పోతున్నట్టుంది. తిరుగుదారిలో గాలి అనుకున్నదానికన్నా ముందే లేచింది. పక్క నుంచి ఒక అల వచ్చి నన్ను ఒరగదోసింది. ఆలోచించేలోపే నా తెడ్డు నీటిమీద చరిచింది, పడవ నిలబడింది. ఎవరు చేశారది? నేనే! ఒడ్డు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాను.

పన్నెండుకి పది నిమిషాల ముందు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"వచ్చేశానండీ అత్తయ్యా."

"ఊఁ. చారు పెట్టాను, రా."

సాయంత్రం దీపం దగ్గర కుంకుమ భరిణె జరిపితే, కింద ఆ చింపిన వరస. చుట్టూ పసుపు రాసి, మడత నలగకుండా పెట్టుకుంది. నేను చూసినట్టు చెప్పలేదు.

తర్వాతి ఆదివారం తెల్లారగట్ల గుమ్మంలో బూట్లు వేసుకుంటున్నాను.

"అమ్మాయ్!" వెనక నుంచే పిలిచింది. "ఎక్కడికి?"

పిలిచాక అలాగే వెళ్లకూడదు కదా. బూట్లు విప్పి లోపలికి వచ్చాను. కూర్చుని, ఆవిడిచ్చిన మంచినీళ్లు తాగి, చివరి వరసతో సహా మొత్తం చెప్పాను.