ఆపమంటే ఆపే మనిషి

ఇందుమూలంగా తాడేపల్లిగూడెం క్రేన్ల యార్డు సిబ్బందికీ, ఎదురుగా ఉన్న టీ కొట్టుకూ, మధ్యాహ్నం లారీ కింద పడుకునే కుక్కకూ తెలియజేయడమేమనగా: షెడ్డు నీడలోని ప్లాస్టిక్ కుర్చీ ఖాళీ అయినది. ఒక కాలు విరిగియున్నందున కూర్చోదలచినవారు ఎడమవైపు వాలి కూర్చోవలెను. అలా వాలడం తెలిసిన ఒకే ఒక్క మనిషి, మా అక్క భర్త, మా బావగారు, పోయిన నెలలో పోయారు.

బావగారు క్రేన్ ఆపరేటరు. నేను ఆయన క్రేను ముందు నిలబడి చేతులూపేవాణ్ణి. దాన్ని సిగ్నల్‌మన్ ఉద్యోగమంటారు. పదో తరగతి తప్పినవాడికి చేతులూపడం కంటే పెద్ద పని ఎవరిస్తారు లెండి.

ముందే చెబుతున్నాను, ఆయన సరదా మనిషి కాదు. పెళ్లి భోజనాల్లో సాంబారు గరిటె చూసి, "అంత నింపితే ఒలుకుతుందండీ" అనే రకం. సగం జీవితం పరీక్షలు రాయడానికే సరిపోయింది. మస్కట్‌లో పాసై తెచ్చుకున్న ఆపరేటరు కార్డు దోహాలో చెల్లలేదు. దోహా కార్డు హైదరాబాదు సైట్లో చెల్లలేదు. హైదరాబాదు సర్టిఫికెట్టు ఒడిశాలో చూపిస్తే, అక్కడివాడు దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి, మళ్లీ రాయమన్నాడు. అవే లీవర్లు, అదే కొక్కెం. మళ్లీ రాశారు. ప్రతిచోటా పాసయ్యారు. నేను ఒక్క పరీక్ష రాసి ఒక్కసారే తప్పాను. శ్రమ సంగతి చూస్తే తెలివైనవాణ్ణి నేనే.

"మీకు విసుగు పుట్టదాండీ?" అని అడిగాను.

"బరువుకి ఏ ఊరైనా ఒకటేరా. కాగితానికే ఊరు కావాలి. అడిగినప్పుడు చూపించాలి కదా."

అన్ని ఊళ్లలోనూ మారనిది ఒక్క రూలేనట. అది నాకు మొదటిరోజే చెప్పారు. "ఎత్తమని నువ్వొక్కడివే చెప్పాలి. ఆపమని మాత్రం ఎవరు చెప్పినా ఆపుతాను. టీ కొట్టాయనైనా సరే, దారినపోయే ముసలమ్మైనా సరే."

ఇలాంటి సంగతి నాలాంటివాడికి చెప్పొచ్చాండీ?

మర్నాడే, ఆపమన్నట్టు రెండు చేతులూ బార్లా చాపి ఊపాను. క్రేను ఠక్కున ఆగింది. కేబిన్‌లోంచి తల బయటికొచ్చింది.

"ఏమైందిరా?"

"ఏం లేదండి బావగారూ. దోమండి."

ఇంకాసేపటికి మళ్లీ.

"ఇప్పుడేంటి?"

"దాని తమ్ముడండి."

యార్డంతా నేర్చేసుకుంది. భోజనం వేళైతే ఒకడు, ఏమీ తోచక ఒకడు, చివరికి మందుగోళీ వేసుకోవడానికి కూడా ఒకడు చేతులు చాపేవాడు. ప్రతిసారీ ఆపారు. వెధవల్లారా అని తిట్టేవారు కూడా. కానీ ఆపాకే తిట్టేవారు.

"అబద్ధమని తెలుసు కదండీ, ఎందుకు ఆపడం?"

"నాకు తెలుసు అనుకున్న రోజే ఎవడో ఒకడు పోతాడ్రా."

మా ఓనరు గారికి ఇది బొత్తిగా నచ్చలేదు. ఆయన మర్యాదస్తుడు. మెడ కోసినా అండీ అంటూనే కోస్తారు. "చూడండి బాబాయిగారూ, ఈ వేషాలకి ఇంకోసారి క్రేను ఆపారంటే మీరు సీటు దిగిపోవలసి ఉంటుందండి. మరోలా అనుకోకండేం" అన్నారు.

ఆ సీటు పోతే బావగారికి మిగిలేది ఏమీ లేదు. ఇంట్లో ఆయన మాటకి ఫ్యాను కూడా తిరగదు. ఆ కేబిన్‌లో ఉన్నంతసేపే ఆయన మనిషి.

"అలాగేనండి. ఎవరూ చెయ్యి చాపకపోతే ఆపనండి" అన్నారు.

ఆ వారంలోనే కైకలూరులో ఐసు ఫ్యాక్టరీ పని తగిలింది. పెద్ద ఇనుప ట్యాంకుని లారీ మీంచి లేపి షెడ్డు ముందు దించాలి. చేపల వ్యాన్లు దారి కోసం హారన్లు కొడుతున్నాయి. ఓనరు గారు పక్కనే ఉన్నారు. ట్యాంకు గాల్లోకి లేచింది. నా చేతులు ఊరుకుంటాయా? చాపి ఊపాను. క్రేను ఆగింది. సరిగ్గా అప్పుడే షెడ్డు పక్కనుంచి ఒకావిడ ఐసు బుట్ట నెత్తిన పెట్టుకుని, ట్యాంకు దిగే చోటికి నడిచొచ్చింది. పైకి చూసి "ఓలమ్మో" అని బుట్ట వదిలేసింది. ఐసు ముక్కలు నా కాళ్లదాకా జారుకుంటూ వచ్చాయి.

 మర్నాడు ఓనరు గారు పిలిచారు.

"బాబాయిగారూ, మీ సర్టిఫికెట్టు ఒడిశాది కదండీ. ఇక్కడ చెల్లదటండి. ఏలూరు వెళ్లి పరీక్ష రాసి రండి. అందాకా మా అల్లుడు నడుపుతాడండి."

ఆ అల్లుడి దగ్గరున్నది మోటారుసైకిలు లైసెన్సు. నేను నోరు తెరవబోతే బావగారు నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చారు.

"ఆయన చెప్పిన రూలు కరెక్టేరా."

"మరి అల్లుడిగారి కాగితం ఎవరూ అడగరాండీ?"

"అడుగుతారు. ఎవడి మీదన్నా పడ్డాక."

మళ్లీ పుస్తకం తీశారు. పరీక్ష రోజు పొద్దున్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుంటూ గుమ్మంలోనే ఒరిగిపోయారు. ఎవరు చేతులు చాపారో మాకు కనబడలేదు. ఆయనకి కనబడినట్టుంది, ఆగిపోయారు.

"జేబులో ఆ కార్డులన్నీ ఉన్నాయిరా. తీసెయ్యనా?" అంది అక్క.

"ఉంచక్కా. పైన అడుగుతారు. చెల్లవనే అంటారనుకో."

అక్క నా వీపు మీద ఒక్కటి చరిచింది. నవ్వింది. ఏడుపు ఆ తర్వాతే వచ్చింది.

ఈ పనిలో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు మా యార్డులోనే ఉన్నారు. నాకు పదీ ఉన్నాయి. అవి ఆయన చలవే. ఇంతకంటే పొగిడితే ఆయనకి దురద పుడుతుంది.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఆ ఐసు బుట్ట ఆవిడ లేదు. నా కల్పన. పెద్దకర్మ భోజనాల్లో ఎవడో, "అన్నిసార్లు ఆపాడు కదా, ఒక్కణ్ణయినా కాపాడాడా?" అని నవ్వితే, పప్పు కలుపుకుంటూ ఆవిణ్ణి అక్కడికక్కడే పుట్టించాను. వాడు నోరు మూసుకున్నాడు, కథ బాగుందని మీకూ చెప్పాను.

కైకలూరులో ట్యాంకు కింద ఎవరూ లేరు. తడి సిమెంటు నేల, దాని మీద ట్యాంకు నీడ. హారన్లు మోగుతున్నాయి. ఓనరు గారు అరుస్తున్నారు. నేను చేతులు చాపి పళ్లికిలిస్తున్నాను. సీటు దిగమంటారని ఆయనకి తెలుసు. అయినా లీవర్ల మీంచి చేతులు తీసేసి, అంత బరువూ గాల్లో మెల్లగా తిరుగుతుంటే, నా చేతులు ఎప్పుడు దిగుతాయా అని చూస్తూ కూర్చున్నారు.