లోపల గొళ్లెం లేని అర్ర

ఎనిమిది రోజులుగా మా ఇంట్లో పచ్చి సిమెంటు వాసన. అన్నంలో అదే, చాయలో అదే, బీరువాలో మడతపెట్టిన చీరల్లోనూ అదే. జగిత్యాలలోని మా ఇంట్లో అమ్మ పడకగదిని ఆనుకొని చిన్న షవర్ గది కట్టిస్తున్నాను. కట్టిస్తున్నాను అనడం కంటే, కట్టేవాళ్ల వెంటపడి బతిమాలుతున్నాను అంటే సరిగ్గా ఉంటుంది. జారని టైల్స్ తెమ్మంటే అద్దంలా మెరిసేవి తెచ్చారు. ప్లంబరు షవర్‌ను ఎక్కడో చూరు దగ్గర పెట్టి, "అందరికి గంతే ఎత్తు పెడ్తం మేడం" అన్నాడు, ఎదురుగా కూర్చున్న అమ్మ ఎత్తెంతో చూసి కూడా. ఇక నేలకిచ్చిన వాలు చూస్తే, నీళ్లు మోరి తూము వైపు పోకుండా తిన్నగా తలుపు వైపు వస్తున్నాయి. నేను నెత్తి కొట్టుకుంటుంటే మంచం మీద ఉన్న అమ్మ కిసుక్కున నవ్వి, "మల్ల గదే" అంది. ఆ రెండు ముక్కలతో నా చిన్ననాటి చిరాకంతా ఒక్కసారిగా లేచి కూర్చుంది.

మా ఊరు కోరుట్ల నుంచి మెట్‌పల్లి పోయే రోడ్డు మీద దిగి, పసుపు చేన్ల నడుమ గంటసేపు నడిస్తే వచ్చేది. మట్టిగోడల మీద గూనపెంకుల ఇల్లు, ముందు పెద్ద వాకిలి, వెనక దొడ్డి. మగవాళ్ల తానాలు మోటబావి దగ్గర, ఊరంతా వినేటట్టు చప్పుడు చేసుకుంటూ. ఆడవాళ్లకు మాత్రం దొడ్డిలో ఒక బండ, దాని చుట్టూ ఒక తడక, తడక మీద ఒక పాత చీర. పొద్దు పొడవక ముందే లేచి, రాళ్లపొయ్యి మీద రాగి కాగులో కందికట్టెతో నీళ్లు కాగబెట్టి, పొగకు కళ్లు మండుతుంటే నాలుగు చెంబులు పోసుకొని బయటపడాలి. చలికాలం ఒంటి మీద ఆవిర్లు లేచేవి, వానకాలం పైనుంచి చన్నీళ్లు, చెంబులోంచి వేడినీళ్లు ఒకేసారి పడేవి, గాలి దుమారం వస్తే చీర ఎగిరి గొడ్ల కొట్టం మీద పడేది. కుంకుడు రసం కళ్లలో పడి నేను గుక్కపెట్టి ఏడుస్తుంటే నాయినమ్మ, అంటే మా బాపు తల్లి, తడక అవతల నుంచి "ఊకో బిడ్డా, ఊరంత లేస్తది" అని గదమాయించేది. బతుకమ్మ పండుగ రోజుల్లోనైతే ఇంటి ఆడవాళ్లంతా వరసబెట్టి తానాలు ముగించేసరికి సత్తుపిండి దంచే పొద్దు దాటిపోయేది.

అదయినా బాగానే గడిచేది, ఆ ఏళ్లు రాకపోతే. అన్నలు, అంటే నక్సలైట్లు, ఊళ్లోకి వచ్చిపోతున్నారని పోలీసులు తెల్లవారేముందు ఊరిని చుట్టుముట్టడం మొదలుపెట్టారు. ఒకనాడు అమ్మ తడక వెనక ఒంటిమీద నీళ్లు పోసుకుంటుండగానే ఇద్దరు జవాన్లు దొడ్డిగోడ దూకి లోపలికి వచ్చారు. వాళ్లు వెతికేది ఆమెను కాదు, నిజమే, కానీ తడక మీది చీరను తుపాకీతో పక్కకు జరిపి చూశారు. ఆ రోజు నుంచి అమ్మ తెల్లవారుజాము తానం మానేసింది. పగలు చేద్దామంటే దొడ్డినిండా పాలేర్లు, కూలీలు. కట్టిన చీర విప్పకుండా, చెవి వాకిలి దిక్కు పెట్టి, రెండు చెంబులు గబగబా దిమ్మరించుకొని లేచేది. ఆ సగం తానానికి ఆమెకు ఎప్పుడూ ఒళ్లు దురదగా, మనసు చికాకుగా ఉండేది.

"నాకు బంగారమద్దు, పట్టుచీరెలద్దు. తలుపుకు లోపట గొళ్లెమున్న అర్ర ఒక్కటి కట్టియ్యి" అంది బాపుతో. మా దిక్కు అర్ర అంటే గది.

"కట్టిద్దాం తీయ్" అన్నాడు బాపు.

మా బాపు 'కట్టిద్దాం' అంటే దానికో చరిత్ర ఉంటుంది. రెండు వానకాలాలు పోయాయి. ఆయనకు మనసు లేక కాదు, భయం ఎక్కువై. ఊళ్లో ఇంట్లో బాత్‌రూం అనేది అప్పటిదాకా ఒక్క దొర గడీలోనే ఉండేది. ఆ దొర గడీకి తాళం పెట్టి పట్నం వెళ్లిపోయాడు. మనం కట్టుకుంటే దొరతనం వచ్చిందంటారని, అన్నలు పిలిచి అడుగుతారని ఒక భయం. కొత్తగా గది లేచిందంటే ఎవరిని దాచడానికని పోలీసులు అడుగుతారని ఇంకో భయం. ఈ రెండు భయాల నడుమ మా అమ్మ తానం ఇరుక్కుపోయింది.

అంతలో మస్కట్‌లో పనిచేసే మా కాక, బాపు తమ్ముడు, సెలవు మీద వచ్చాడు. అత్తరు సీసా, టార్చిలైటు, టేప్‌రికార్డరుతో పాటు తళతళలాడే షవర్ ఒకటి తెచ్చి, "అదినకు" అని అమ్మ చేతిలో పెట్టాడు. అంతే, బాపుకు హుషారు పుట్టుకొచ్చింది. గొడ్ల కొట్టం గోడ మీద బొగ్గుతో ప్లాన్ గీశాడు: ఇక్కడ షవర్, ఇక్కడ నీళ్ల గోలెం, ఇక్కడ సబ్బు పెట్టే గూడు. మూడు రోజులు చెరిపి గీసి, గీసి చెరిపి, ఊరందరికీ కాకపోయినా మాకందరికీ చూపించాడు. నల్లా లేని ఊళ్లో, మిద్దె లేని ఇంట్లో షవర్‌కు నీళ్లెట్లా వస్తాయని ఎవరూ అడగలేదు. అమ్మ ఒక్కతే గోడ దగ్గరికి వచ్చి పైనుంచి కిందిదాకా చూసి, "తలుపేది?" అంది. తలుపు గీయడం మరిచిపోయాడు మహానుభావుడు!

పని మొదలయ్యేసరికి భయం మళ్లీ తలెత్తింది. కోరుట్ల నుంచి ఎడ్లబండి మీద సిమెంటు బస్తాలు దిగుతుంటే దారినపోయేవాళ్లు ఆగి అడిగారు. బాపు నోటికి ఏది వస్తే అది అన్నాడు: "పసుపర్ర. ధర అచ్చేదాకా పసుపు కొమ్ములు పెట్టుకోనీకి." మా దిక్కు పసుపు పండించే ఏ రైతయినా అట్లాంటి అర్ర కట్టుకుంటాడు, ఎవరూ వేలెత్తి చూపరు. ఇంటికొచ్చి తన తెలివికి తానే మురిసిపోయాడు. కానీ ఆ మాట మేస్త్రి మల్లయ్యకు కూడా అదే నమ్మకంగా చెప్పాడు. మల్లయ్య నోట్లో మాట దాగదని బాపు జాగ్రత్త.

మల్లయ్య పని తెలిసినవాడు. పసుపర్ర అన్నారు, పసుపర్రే కట్టాడు. చెమ్మ తగలకుండా అరుగు నడుమెత్తు లేపాడు. ఎలుకలు దూరకుండా గడప మోకాలెత్తు పెట్టాడు. చీమకు కూడా సందు లేకుండా నేల గచ్చు చేశాడు, మోరి లేదు. కిటికీ లేదు. ధాన్యపు అర్రకు ఎట్లా పెడతారో అట్లా తలుపుకు గొళ్లెం బయట పెట్టాడు. షవర్ చూసి మాత్రం ఆగిపోయాడు.

"గిదేంది పటేలా?"

"ఎలుకల మందు కొట్టేది. నువ్ గోడకు బిగించు" అన్నాడు బాపు.

మొదటి రోజు అమ్మ కాగు మోసుకొని ఆ మెట్లెక్కి తానం చేస్తే, నీళ్లు పోయే దారి లేక చీలమండల దాకా నిలిచాయి. చేసిన తానం నీళ్లను మళ్లీ చెంబుతో తోడి గడప అవతల పారబోసి, చెమటతో బయటికొచ్చింది. నాయినమ్మ ముక్కు మీద వేలేసుకుంది. మర్నాడు బాపు గడ్డపారతో గోడ మొదట్లో బొక్క పొడిచాడు. నేల వాలు అటు లేదు, తలుపు వైపు ఉంది, కాబట్టి ఆ బొక్కలోంచి నీళ్లు పోలేదు, ఎలుకలు వచ్చాయి.

"గొళ్లెం లోపటికి మార్పియ్యి" అంది అమ్మ. మిగతా వాటినన్నిటినీ ఓర్చుకుంది, అదొక్కటే అడిగింది.

"మల్లయ్యను పిలిస్తె అనుమానపడ్తడే. పసుపుకు లోపట గొళ్లెమెందుకంటడు. పొద్దు చూసి మార్పిద్దాం."

ఆ పొద్దు రానేలేదు. పైగా పక్కింటి లచ్చన్న వచ్చి, "మీ అర్ర పొడిగ మంచిగున్నదటగదా పటేలా, నా నాలుగు బస్తాలు పెట్టుకుంట" అన్నాడు. పసుపర్రలో పసుపు పెట్టుకుంటానంటే కాదని ఏం చెప్తాడు? మా బాపు తల ఊపాడు. బస్తాలు దిగాయి. ఇక మా తానాల సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు! బస్తాల మీద తుంగచాప కప్పి, గోడకు అతుక్కొని నిలబడి, నీళ్లు చిందకుండా పోసుకోవాలి. ఎంత జాగ్రత్తపడ్డా తువ్వాల పచ్చన, లంగా పచ్చన, నా చెవుల వెనక పచ్చన. బళ్లో పిల్లలంతా నన్ను "పెండ్లిపిల్ల అచ్చింది" అని ఏడిపించేవారు.

లోపల గొళ్లెం లేదు కాబట్టి గొళ్లెం పని నాకు పడింది. అమ్మ లోపలికి పోగానే నేను మెట్టు మీద కూర్చొని వీపు తలుపుకు ఆనించాలి. నాకు తొమ్మిదేళ్లు. అవతల తోటివాళ్లు కచ్చకాయలాడుతుంటే, చింతచెట్టు కింద పుల్లటి చింతకాయలు పంచుకుంటుంటే, నేను తలుపుకు అంటుకొని కూర్చునేదాన్ని. "అయిందా అమ్మా?" "ఆగవే." "అయిందా?" "ఆగుమన్ననా!" అమ్మ మీద కోపం, బాపు మీద కోపం, చూడని మస్కట్ మీద కూడా కోపం.

అర్ర వచ్చాక అమ్మ మళ్లీ పొద్దున తానాలు మొదలుపెట్టింది. ఒకనాడు అప్పుడే తెల్లవారింది. నేను మెట్టు మీద కునుకుతున్నాను. వాకిట్లో బూట్ల చప్పుడు. కళ్లు తెరిచేసరికి దొడ్డినిండా పోలీసులు, పదిహేను మందికి తక్కువ ఉండరు. కొట్టం, గడ్డివాము, వంటిల్లు చూసి, వాళ్ల అధికారి అర్ర ముందు ఆగాడు.

"ఇదేంటి?"

"పసుపర్ర సారూ" అన్నాడు బాపు, నెలల తరబడి చెప్పి చెప్పి అలవాటైన మాట.

"లోపల ఎవరున్నారు?"

"ఎవ్వలు లేరు సారూ."

సరిగ్గా అప్పుడే లోపల చెంబు గోలానికి తగిలి ఠంగుమంది. నీళ్లు జారిన చప్పుడు అందరికీ వినిపించింది. తుపాకులన్నీ ఒకేసారి తలుపు వైపు, అంటే నా వైపు, తిరిగాయి. నిజం చెప్పాల్సిన ఆ ఒక్క క్షణంలో బాపు నేల చూపులు చూశాడు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"లే" అన్నాడు అధికారి నాతో.

"మా అమ్మ తానం చేస్తంది" అన్నాను. లేవలేదు.

ఆయన నమ్మలేదు. చేయి చాచి నా తల మీదుగా గొళ్లెం పట్టి తలుపును తన వైపు లాగాడు. నేను మడమలు మెట్టుకు తన్నిపెట్టి వెనక్కి నూకాను. తలుపు జానెడు తెరుచుకొని ఆగింది. నాయినమ్మ లబోదిబోమంటోంది. అప్పుడు లోపల నుంచి అమ్మ గొంతు, వణకకుండా: "నేనే సారూ. ఆడిదాన్ని. చీరె సుట్టుకొని అస్త, జరంత ఆగుండ్రి."

ఆయన చెయ్యి తీశాడు. అమ్మ తడి ఒంటికి తడి చీర చుట్టుకొని, జుట్టులోంచి నీళ్లు కారుతుండగా మెట్లు దిగింది. వాళ్లు బస్తాలన్నీ పొడిచి చూసేదాకా, షవర్ ఊడదీసి ఏదో పరికరమనుకొని అటూఇటూ తిప్పి చూసేదాకా, అంతమంది మగవాళ్ల నడుమ అట్లాగే నిలబెట్టారు. అమ్మ వాళ్ల వైపు చూడలేదు. బాపునే చూస్తూ నిలబడింది. చివరికి అధికారి అడిగాడు, "పసుపు గదిలో స్నానమేంటి?" అని.

"పసుపర్ర కాదు సారూ, తానాలర్ర" అంది అమ్మ. "మా ఆయినెకు ఆ మాట చెప్పనీకె భయం. మీరంటె భయం, అన్నలంటె భయం. నా పానం మీద ఎవ్వలకు భయం లేదు."

వాళ్లు వెళ్లిపోయాక అమ్మ ఏడ్వలేదు, తిట్టలేదు. పొడి చీర కట్టుకొని, కొంగు నడుముకు బిగించి, లచ్చన్న బస్తాలను ఒక్కొక్కటిగా ఈడ్చుకుంటూ పోయి ఆయన వాకిట్లో వేసింది. ఊరంతా చూస్తుండగా వేసింది. ఎందుకని అడిగినవాళ్లందరికీ "అండ్ల నేను తానం చేస్త" అని గట్టిగా చెప్పింది. తర్వాత మల్లయ్య ఇంటికి తనే వెళ్లింది. మల్లయ్య చెవులు పట్టుకొని, "నాకు తానాలర్రని ఒక్క మాట చెప్తె కాకపోవునా అమ్మా" అని లబలబలాడుతూ వచ్చి, బయటి గొళ్లెం పీకి లోపల బిగించి, నేల వాలున్న తలుపు పక్కనే గోడ మొదట్లో సరైన మోరి పెట్టి వెళ్లాడు. ఎంతసేపు పట్టిందనుకున్నారు? ఒక్క పూట! ఆ ఒక్క పూట పని కోసం మా అమ్మ మూడేళ్లు ఆగింది.

ఆ మధ్యాహ్నం అమ్మ లోపలికి పోయి గొళ్లెం పెట్టుకుంది. ఎండ నడినెత్తిన ఉంది, కూలీలు దొడ్డిలో అన్నాలు తింటున్నారు, అమ్మ తీరిగ్గా, నిదానంగా, కాగు ఖాళీ అయ్యేదాకా నీళ్లు పోసుకుంది. నాకు ఆనాటితో గొళ్లెం ఉద్యోగం పోయింది. ఎగురుకుంటూ ఆటకు పోయాను. అన్నలూ ఏమీ అడగలేదు, ఊరూ ఏమీ అనలేదు. ఏడాది తిరక్కముందే మరో నాలుగిళ్లలో తానాలర్రలు లేచాయి.

ఇప్పుడు ఆ ఊళ్లో తడకలు లేవు. కందికట్టె పొగ లేదు, రాగి కాగులు పాతసామాన్ల వాళ్లు పట్టుకుపోయారు, పసుపును అర్రల్లో దాచుకునేవాళ్లూ తక్కువే. తెల్లవారుజామున బూట్ల చప్పుడుకు ఉలిక్కిపడ్డ సంగతి మా పిల్లలకు చెబితే కథ చెబుతున్నాననుకుంటారు. బాపు పోయి చాలా ఏళ్లయింది. అమ్మకు ఎనభై దగ్గర పడుతున్నాయి. పోయిన నెల బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక చిట్లింది. లోపల గొళ్లెం పెట్టుకోవడంతో తలుపు పగలగొట్టి తీయాల్సి వచ్చింది. అందుకే ఈ కొత్త గది, పట్టుకునే కడ్డీలు, కూర్చొని తానం చేసే పీట. డాక్టరు గట్టిగా చెప్పాడు, ఇక మీదట లోపల గొళ్లెం ఉండకూడదని.

అదే మాట వడ్రంగికి చెబుతుంటే అమ్మ విన్నది. "గొళ్లెమెందుకు పెడ్తలేరు?" అంది. నేను ఓపిగ్గా చెప్పాను, తర్వాత కసిరాను, డాక్టరు పేరు చెప్పి బెదిరించాను. "ఇంట్లో ఉన్నది నువ్వూ నేనే కదమ్మా, ఎవరొస్తారు చెప్పు" అని అరిచాను కూడా. అంతా విని, దుప్పటి మోకాళ్ల మీదికి సర్దుకొని, నిదానంగా అంది:

"పడితె తలుపు పలగ్గొట్టు బిడ్డా. తలుపు మల్ల పెట్టియ్యచ్చు."

వడ్రంగి నా మొహం చూశాడు. నేను చెప్పులేసుకొని బజారుకు పోయి, గొళ్లెం నేనే కొనుక్కొచ్చాను.