మార్తమ్మగారి ప్రశ్న

ఈ ఉదయం సిద్ధగోరా నుంచి బిష్టుపూర్ వెళ్లే ఆటోలో నా పక్కన కూర్చున్న ఆవిడ ఒడిలో సంచి పెట్టుకుని బఠాణీలు ఒలుస్తోంది. కాయ చీలగానే వచ్చే ఆ పచ్చి వాసన, కొంత తీపిగా, కొంత మట్టిగా, ఆటో అంతా పరచుకుంది. కర్మాగారం బస్సు ఎక్కవలసిన కూడలి దాటిపోయిన సంగతి నేను ఆలస్యంగా గమనించాను. అప్పటిదాకా మనసులో మార్తమ్మగారి పక్కనే కూర్చుని ఉన్నాను.

యంత్రభాగాలు తయారుచేసే మా చిన్న కర్మాగారంలో మార్తమ్మగారు తనిఖీ విభాగానికి పెద్ద. విజయనగరం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చిన క్రైస్తవ కుటుంబం. భర్త పోయాక మాంగో పేటలో ఒంటరిగా ఉండేవారు. కళాశాల చర్చాపోటీల్లో బహుమతులు గెలిచి, ప్రతి విషయానికీ రెండే పక్షాలుంటాయని, ఒకటి నెగ్గి తీరాలని నమ్మే వయసులో నేను ఆమె కింద పనికి చేరాను. మొదటిరోజే ఆమె మూడు రంగుల చీటీలు నా ముందుంచారు. బాగున్న భాగానికి పచ్చది, పనికిరానిదానికి ఎర్రది. "కొలవకుండా ఈ రెండూ కట్టకు బాబూ. అనుమానముంటే పసుపు చీటీ కట్టి పక్కన పెట్టు. తొందరేటి?" అన్నారు. అది తీర్పును తప్పించుకునే మార్గమని ఆనాడు మనసులోనే విమర్శించాను.

ఏటా జనవరిలో మా కర్మాగారం వాళ్లందరూ డిమ్నా చెరువుకు వనభోజనానికి వెళతారు. అక్కడ ఒక ఆచారముంది: పెళ్లైన మగవాళ్లు మాంసం వండుతారు, పెళ్లికాని మగవాళ్లు ఆడవాళ్లతోపాటు కూర్చుని బఠాణీలు ఒలవాలి. అది మమ్మల్ని ఆటపట్టించడానికే. నా రెండో ఏడు మార్తమ్మగారి పక్కన చాప మీద కూర్చున్నాను.

"మా వీధిలో ఒక పిల్లుంది. మీవోళ్లే, నాన్న రైల్వే. ఆదివారం వత్తావా, చూత్తావా?" అన్నారామె.

"రెహ్నే దీజియే, మేడమ్," వదిలేయమన్నాను.

"హిందీలో తప్పించుకోకు. పిల్లొద్దా, పెళ్లే వద్దా?"

చుట్టూ ఉన్నవారెవరికీ తెలుగు రాదు. అంతమంది మధ్య మా ఇద్దరికీ తలుపు వేసిన గది దొరికినట్టయింది. "నాకు అమ్మాయిల మీద ఆ ఇష్టం కలగదండీ. అబ్బాయిల మీదే కలుగుతుంది. ఊహ తెలిసినప్పటినుంచీ అంతే," అన్నాను.

ఆమె వేలు కాయలోనే ఆగిపోయింది. ఆమె దేవుణ్ణి తెస్తే ఏమనాలో, సమాజాన్ని తెస్తే ఏమనాలో నా దగ్గర సమాధానాలు సిద్ధంగా ఉన్నాయి. ఆమె ఏదీ తేలేదు.

"ఇంకెవరికి చెప్పేవు?"

"ఎవరికీ లేదండీ."

"సరే. ఆ గిన్నె ఇటు తొయ్యి."

అంతలో మైకు పట్టుకున్న సూపర్‌వైజరు నా పేరు పిలిచి, వచ్చే ఏడు పెళ్లికూతురు లేకుండా వస్తే ఉల్లిపాయలు కూడా నాచేతే కోయిస్తానన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. నా పరువు కాపాడడానికో, నా మీద అసహ్యంతోనో తెలియలేదు.

తర్వాత మూడు వారాలు ఆమె పనిమాట తప్ప మరో మాట మాట్లాడలేదు. నన్ను ఎరిగిన ఏకైక మనిషి ఎదుటి బల్ల దగ్గర కూర్చుని నన్ను చూడకపోవడం, ఎవరూ ఎరగని రోజులకన్నా దుర్భరంగా ఉండేది. చివరికి ఒక మధ్యాహ్నం అడిగేశాను: "నాకు పసుపు చీటీ కట్టేశారా, మేడమ్?"

ఆమె చేతిలోని కొలత పరికరం కింద పెట్టారు. "కట్టింది నాకు, నీకు కాదు. నిన్ను కొల్దామంటే నా కొలబద్దే సరైందో కాదో తెలీలేదు. ముందు అది చూసుకోవాలి కదా బాబూ. అదే చూసుకుంటన్నాను." గొంతు తగ్గించి, "ఎవడైనా ఉన్నాడేటి?" అన్నారు.

"లేడండీ."

"ఓరి నీ అమ్మ కడుపు చల్లగా. నాకిన్ని రోజులు నిద్ర లేకుండా చేసి, ఎవడూ లేడా?"

ఇద్దరం నవ్వుకున్నాం. నా నిజం మీద నేను మరొకరితో కలిసి నవ్వడం అదే మొదటిసారి. ఆమె నన్ను పూర్తిగా అర్థం చేసుకున్నారని చెప్పలేను. బైబిలులో కొన్ని పుటల దగ్గర ఇంకా ఆగిపోతున్నానని ఆమే ఒకసారి ఒప్పుకున్నారు. అయినా తెలియనిదానికి తెలిసినట్టు తీర్పు చెప్పలేదు. ఏ చర్చాపోటీలోనూ అంత నిజాయితీ గల ప్రత్యర్థి నాకు ఎదురుకాలేదు.

పదవీవిరమణ తర్వాత ఆమె విజయనగరంలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయారు. ఆదివారాలు ప్రార్థన ముగిశాక ఫోన్ చేసేవారు. "ఎవడైనా కనబడ్డాడా?" "లేదండీ." "సరే. వేళకి తిను." రెండు నిమిషాలు కూడా పట్టేది కాదు. పోయిన వర్షాకాలంలో ఆ నంబరు నుంచి చెల్లెలు మాట్లాడింది. అక్క నిద్రలోనే పోయిందని చెప్పింది. ఇప్పుడు నా సంగతి తెలిసినవారు ఒక్కరూ లేరు. పెళ్లెప్పుడని అందరూ అడుగుతారు. ఆమె అడిగినది అడిగేవారు లేరు.

గత నెల మా విభాగంలో ఒక కొత్త ఇంజనీరు చేరాడు. క్యాంటీనులో అందరూ "షాదీ కబ్?" అంటూ అతణ్ణి చుట్టుముట్టారు. వాళ్లు లేచి వెళ్లాక, ఏ జవాబుకైనా చోటుండేలా, "కోయీ హై?", ఎవరైనా ఉన్నారా, అని మాత్రం అడిగాను. అతను జవాబిచ్చేలోపు నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో నాకే సిగ్గనిపించింది. వేసవిలో పెళ్లట, ఫోన్ తీసి అమ్మాయి ఫొటో చూపించాడు. మనస్ఫూర్తిగానే అభినందించాను. అతని తర్వాత చేరినవాణ్ణీ అలాగే అడిగాను.