లైట్లు ఆర్పే వేళ

మా లైను పనంతా వియత్నాంకు తరలిపోతోందని ఫ్యాక్టరీలో చెప్పిన సాయంత్రం బొమ్మసంద్రలో బస్సెక్కాను. పక్క సీటులో కూర్చున్న పెద్దావిడ నా మెడలోని కంపెనీ కార్డు చూసి పలకరిస్తే లైను సంగతి చెప్పాను. కొత్తవాళ్ళకు పని నేర్పడానికి ఆమె ఆ దేశానికే వెళ్ళి, ఏడాది ఉండి వచ్చిందట. నాకు ఒళ్ళు మండింది.

"మాకంటే అంత బాగా చేస్తారా వాళ్ళు?" అన్నాను.

"అవీ మనట్లాంటి చేతులే పాపా. మధ్యాహ్నం అన్నం తింటానే లైట్లు ఆర్పేస్తారు. అందరూ కింద చాపలేసుకొని పండుకుంటారు, మేనేజరు గూడా. మళ్ళా లైట్లు వేసేదాకా ఎవురూ లేపరు."

మాకు క్యాంటీన్లో చెయ్యి కడుక్కునేలోపే బెల్లు మోగుతుంది. పని పోతోందన్న బాధ కంటే ఆ నిద్ర మీదే ఎక్కువ కుళ్ళు పుట్టింది నాకు.

"మీరూ హాయిగా పడుకుని ఉంటారు," అన్నాను ఎత్తిపొడుపుగా.

ఆమె జవాబు చెప్పేలోపు హెబ్బగోడి దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయింది. వెనక సీట్లవాళ్ళు గుంతల రోడ్డునూ, పన్నులనూ, మంత్రులనూ పేరుపేరునా తిట్టడం మొదలుపెట్టారు. ఆమె కళ్ళు మూసుకుని నవ్వుతూ వింది.

"ఆడ ఉండేది ఒకటే పార్టీ. సర్కారును ఇట్ల నోరారా తిట్టేవాళ్ళు నాకు ఒక్కరూ కనపళ్ళే. ఇది ఇనకుండా ఆడ నాకు నిద్రెట్ల పడతాది?" అంది.

ఆ తిట్ల మధ్యే నిద్రపోయింది. ఆ నిద్రను చూసి కూడా కుళ్ళుకున్నాను.

ఇప్పుడు వేరే కంపెనీలో చేస్తున్నాను. అన్నం తినగానే నా కళ్ళు ముందు లైట్ల వైపే పోతాయి.