యాదమ్మ వాళ్ల అవ్వ కళ్లు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి టీ తాగడానికి వెళ్లిపోయే రకం నేను. మిషన్లతో బతికేవాణ్ని. మిషన్ ఆగిందంటే దానికో కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. ఇప్పటికీ నా నమ్మకం అదే. ఆ ఒక్క మధ్యాహ్నానికి మాత్రం కారణం దొరకలేదు.

మొయినాబాద్‌లో బస్టాపు ఎదురుగా మేడమీద నా ఫొటో స్టూడియో. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుమీదున్న రోజులవి. చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు, ఫామ్‌హౌస్‌లు లేస్తున్నాయి. కాలేజీ పిల్లల పాస్‌పోర్ట్ ఫొటోలతోనే నాకు ఊపిరి సలిపేది కాదు. రీలు కెమెరా పక్కన పెట్టి, కంప్యూటర్ కొని, ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ సొంతంగా నేర్చుకున్నాను. ఆ విషయంలో కొంచెం పొగరు కూడా ఉండేది.

మా పనిలో బయటివాళ్లకు తెలియనిది ఒకటుంది. అప్పట్లో చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది ముసలివాళ్లకు బతికుండగా తీసిన ఫొటో ఒక్కటీ ఉండేది కాదు. పోయాక కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి తీయించేవారు. దినాలనాటికి ఆ ఫొటోకు మేం కళ్లు తెరిపించి ఇవ్వాలి. అందుకోసం నా కంప్యూటర్‌లో 'కళ్లు' అని ఒక ఫోల్డర్ పెట్టుకున్నాను. అన్నీ పాస్‌పోర్ట్ ఫొటోల్లోంచి కత్తిరించినవే. ఎవరి కళ్లు ఎవరికి పెడుతున్నావని అడిగినవాళ్లు లేరు, నేను ఆలోచించిందీ లేదు.

ఒకరోజు పొద్దున పదకొండు గంటలకు మా పక్క ఊరు హిమాయత్‌నగర్ నుంచి యాదమ్మ వచ్చింది. ముప్పయ్యేళ్లుంటాయి, కూలి పని చేసుకునే మనిషి. ఆమె అవ్వ అని పిలిచే తల్లి పోయింది, మర్నాడే దినాలు. చేతిలో ఉన్నది అటువంటి ఫొటోనే. ఆమె అడిగింది ఒకటే మాట.

"అన్నా, మా అవ్వ నన్ను సూస్తున్నట్టు ఉండాలె."

గంటలో అయిపోతుందని చెప్పి బెంచీ మీద కూర్చోమన్నాను.

ఫొటో స్కాన్ చేశాను. ముడతలు చూసి, ఆ వయసుకు సరిపోయే కళ్లు ఎంచి పెట్టాను. అక్కడే మొదలైంది. మౌస్ కదలడం మానేసింది. స్క్రీన్ మీద ముఖం పైనుంచి గడులు గడులుగా గీసుకుంటూ వచ్చి, కనుబొమ్మల దగ్గర ఆగిపోయింది. కాసేపటికి మెమరీ చాలడం లేదని మెసేజ్.

ఇది నాకు కొత్త కాదు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. మిగతా ప్రోగ్రాములన్నీ మూశాను. సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టుకునే పాత మార్పులన్నీ తుడిచేశాను. దానికిచ్చే మెమరీ వాటా పెంచాను. తాత్కాలిక ఫైళ్లను ఖాళీగా ఉన్న డ్రైవ్‌కు మార్చాను. చివరికి ఫొటో సైజు సగానికి తగ్గించాను. అయినా అంతే. అనుమానమొచ్చి ఓ పెళ్లి ఆల్బమ్ పేజీ తెరిచాను. దీనికి పదింతలు ఉంటుంది, చిటికెలో తెరుచుకుంది. మళ్లీ అవ్వ ఫొటో తెరిస్తే, నేను చెయ్యి వెనక్కి తీసుకున్నా, మెమరీ వాడకం అంకె దానంతటదే పైకి పోతోంది.

చేవెళ్లలో శ్రీశైలం అని నాకు కంప్యూటర్ బిగించి ఇచ్చిన మిత్రుడున్నాడు. ఫోన్ చేస్తే బండి మీద వచ్చాడు. ఇంకో ర్యామ్ ముక్క పెట్టాడు. అదీ నిండిపోయింది. కళ్ల ఫైలే పాడైందేమోనని వేరే కళ్లు పెట్టించాడు. అవీ అంతే.

కింద మెహిదీపట్నం బస్సులు వచ్చి పోతున్నాయి. ఆ చప్పుడు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. ముఖం మెల్లగా గీసుకుంటూ వస్తుంది, కనుబొమ్మల దగ్గర ఆగుతుంది, నేను మూసి మళ్లీ తెరుస్తాను. ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఎంతసేపు చూశామో తెలియదు. గడియారం చూస్తే మూడు దాటింది, మాలో ఎవరికీ ఆకలి గుర్తురాలేదు.

ఇక కాదమ్మా, కళ్లు మూసినట్టే ప్రింటు తీసిస్తాను అన్నాను. యాదమ్మ ముఖం వాడిపోయింది. అప్పుడు చెప్పింది. తల్లి పోయిన రోజు తను జన్వాడలో గులాబీ తోట పనికి పోయిందట. ఒకసారి వచ్చి పొమ్మని తల్లి పొద్దున్నే కబురు పంపితే, సాయంత్రం పోదాంలే అనుకుందట. పోయేసరికి ప్రాణం పోయింది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి, గడప వైపే చూస్తూ.

"నా చేత్తోనే మూసినన్నా. మూడుసార్లు మూస్తెగాని మూతవడలె."

తల్లి తనమీద కోపంతో పోయిందా అన్నదే ఆమెను తినేస్తోంది. ఆ కళ్లు ఒక్కసారి చూస్తే తెలుస్తుందని వచ్చింది. నేను పెట్టినవి ఇంకెవరివో కళ్లని ఆమెకు ఏ నోటితో చెప్పను?

యాదమ్మ లేచి వచ్చి, టేబుల్‌కు ఎడమ పక్కన నిలబడింది. స్క్రీన్ మీద తల్లి నుదుటిని వేలితో తాకింది.

"అవ్వా, నేనొచ్చిన. జర ఇటు సూడు."

మెమరీ అంకె దిగడం మొదలైంది. నేను చూశాను, శ్రీశైలమూ చూశాడు. మా ఇద్దరి చేతులూ ఒళ్లోనే ఉన్నాయి. కంప్యూటర్ ఫ్యాన్ రొద తగ్గింది. మిగిలిన గడులు ఒక్కొక్కటిగా నిండాయి, కళ్లు వచ్చాయి.

మెమరీ ఏదో కారణంతో ఖాళీ అయిందంటే ఒప్పుకుంటాను. కానీ శ్రీశైలం నా మోచెయ్యి తట్టి చూపించింది వేరే. పాస్‌పోర్ట్ ఫొటోలో కళ్లు సూటిగా కెమెరాను చూస్తాయి. ఇవి ఎడమకు, యాదమ్మ నిలబడిన వైపుకు చూస్తున్నాయి. ఫోల్డర్‌లో అసలు ఫైలు అప్పటికప్పుడే తెరిచాను. అందులో సూటిగానే ఉన్నాయి.

యాదమ్మ చాలాసేపు చూసి, తల తిప్పకుండానే అడిగింది.

"కోపంగున్నదా అన్నా?"

అవ్వ ఫొటో ఫైలును ఆ తరవాత ఎన్ని కంప్యూటర్లలో తెరిచానో లెక్కలేదు. క్షణంలో తెరుచుకుంటుంది, చూపు ఎడమకే ఉంటుంది. ఎలా జరిగిందంటే ఈ రోజుకీ చెప్పలేను. ఆ పూట మాత్రం వంగి, ఆ కళ్లలోకి బాగా చూసి, "లేదమ్మా" అన్నాను. ఓదార్పు కోసం అనలేదు. నాకు కనిపించిందే చెప్పాను.